నీళ్లు ఎటు పోతున్నాయి? పాత లారీ ఇంజిన్‌లో లీకుల ఆచూకీ

జంషెడ్‌పూర్‌లో మాంగో వంతెన దాటి హైవే ఎక్కే లారీలను గమనిస్తే ఒక దృశ్యం తరచూ కనబడుతుంది. పాత బండి పక్కకు ఆగుతుంది. క్లీనర్ డబ్బాతో రేడియేటర్‌లో నీళ్లు పోస్తాడు. బండి కదులుతుంది. మర్నాడూ అంతే. పోసిన నీళ్లు ఎటు పోతున్నాయన్న ప్రశ్న మాత్రం వాయిదా పడుతూనే ఉంటుంది.

లెక్క వేస్తే లీకు చిన్నదేమీ కాదు. సెకనుకు ఒక్క చుక్క కారుతోందనుకుందాం. చుక్క సుమారు 0.05 మిల్లీలీటర్లు. అంటే గంటకు 180 మిల్లీలీటర్లు, రోజు మొత్తానికి నాలుగు లీటర్ల పైనే. డీజిల్ మండి పుట్టే వేడిలో సుమారు నాలుగో వంతును బయటికి మోసుకుపోయేది ఈ ద్రవమే. అది తగ్గితే ముందు దెబ్బ తినేది సిలిండర్ హెడ్.

లారీ ఇంజిన్‌కూ ఈ ఊరికీ పాత బంధం. రైలింజన్ల కోసం 1945లో మొదలైన టెల్కో, 1954లో డైమ్లర్-బెంజ్ సహకారంతో ఇక్కడ లారీల తయారీ చేపట్టింది. ఆ వారసత్వంలో వచ్చిన 697 ఇంజిన్ పేరులోనే దాని కొలత ఉంది: ఆరు సిలిండర్లు, ఒక్కొక్కటి 97 మిల్లీమీటర్ల వ్యాసం. 1993లో ఏర్పడిన టాటా కమిన్స్ తర్వాత 5.9 లీటర్ల బి-సిరీస్ ఇంజిన్లను ఇక్కడే తయారుచేసింది. పోత ఇనుముతో చేసిన ఇలాంటి ఇంజిన్లు మొండివి. అరిగినా నడుస్తాయి, అందుకే వాటి లీకులూ ఏళ్ల తరబడి సాగుతాయి.

“ఇక్కడ నీళ్లు గడ్డకట్టవు కదా, కూలెంట్ ఎందుకు?” అనే మాట తరచూ వినబడుతుంది. మాటలో సగమే నిజం. గడ్డకట్టకుండా చూడటం కూలెంట్ చేసే పనుల్లో ఒకటి మాత్రమే. అందులోని గ్లైకాల్ మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది, మిగతా రసాయనాలు తుప్పును ఆపుతాయి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊళ్లో ఈ రెండూ కావలసినవే. బోరు నీళ్లు పోసిన కొద్దీ ఆ రసాయనాలు పలచబడతాయి, నీటిలోని కాల్షియం లవణాలు వేడి గోడల మీద పొలుసుగా పేరుకుంటాయి. ఒక్క మిల్లీమీటరు పొలుసు వేడిని అడ్డుకోవడంలో పాతిక మిల్లీమీటర్ల ఇనుముకు తీసిపోదు. లోహం వేడెక్కుతుంది, తుప్పు పెరుగుతుంది, ఇంకోచోట లీకు మొదలవుతుంది. నిజానికి పాత లీకు కన్నా దానికి చేసే ఈ వైద్యమే ఇంజిన్‌కు ఎక్కువ చేటు.

మరి లీకును పట్టుకోవడం ఎలా? చుక్క ఎక్కడ పడిందో చూస్తే తరచూ మోసపోతాం. ఫ్యాన్ గాలి తడిని వెనక్కి తోస్తుంది, కాబట్టి అసలు చోటు తడి కనిపించే భాగాల్లో అన్నిటికన్నా పైన, ముందు వైపున ఉంటుంది. వేడి బ్లాకు మీద పడిన ద్రవం ఆవిరైపోతుంది, తెల్లటి లేదా తుప్పు రంగు చార మాత్రం మిగులుతుంది. అనుభవమున్న మెకానిక్ వెతికేది ఆ చారనే.

తర్వాతి పని ప్రెషర్ టెస్టు. ఇంజిన్ రాత్రంతా చల్లారాక రేడియేటర్ మూత స్థానంలో చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్న పీడనం వరకు గాలి కొట్టి, ముల్లును పావుగంట గమనిస్తారు. (వేడి ఇంజిన్ మీద మూత తీయడం ప్రమాదం. అర బార్ అదనపు పీడనంలో నీళ్లు సుమారు 111 డిగ్రీల దాకా మరగవు. మూత తీయగానే ఒక్కసారిగా ఆవిరై ఎగసిపడతాయి.) చల్లటి ఇంజిన్‌పైనే మొదలుపెట్టడానికి కారణముంది. చలికి హోస్ రబ్బరు బిగించిన క్లిప్పు కన్నా ఎక్కువ కుంచించుకుంటుంది, సందు తెరుచుకుంటుంది. బండి వేడెక్కితే ఆ సందు మూసుకుపోతుంది. పగుళ్ల సంగతి తరచూ దీనికి తలకిందులు: వేడికే అవి తెరుచుకుంటాయి. అందుకే రెండు పూటలా పరీక్షించాలి. అప్పటికీ దొరకకపోతే కూలెంట్‌లో ఫ్లోరోసెంట్ రంగు కలిపి, చీకట్లో అతినీలలోహిత దీపం వేసి చూస్తారు.

వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఒకటుంటుంది. దాన్ని చూసి “ఇక్కడే కారుతోంది, మూసేద్దాం” అనుకునేవాళ్లున్నారు. ఆ రంధ్రం కావాలని పెట్టినదే. లోపలి సీల్ అరిగిందని అది చెబుతోంది. మూస్తే నీళ్లు బేరింగ్ మీదికి పోతాయి.

ఎక్కువగా మరిచిపోయేవి బ్లాకు పక్కనుండే గుండ్రటి డమ్మీ ప్లగ్గులు. నీళ్లు గడ్డకట్టినప్పుడు బ్లాకును కాపాడటానికే వీటిని పెట్టారని చాలామంది నమ్మకం. అసలు కారణం ఫౌండ్రీలో ఉంది. బ్లాకు పోతపోసేటప్పుడు నీటి దారుల కోసం ఇసుక అచ్చులు పెడతారు. ఆ ఇసుకను తీయడానికి వదిలిన రంధ్రాలను పలచటి రేకు బిళ్లలతో మూస్తారు. ఇనుప బిళ్ల లోపలి నుంచి తుప్పు పడుతుంది కాబట్టి పైకి బాగానే కనిపిస్తుంది. ఒకటి చిల్లు పడిందంటే అదే వయసున్న మిగతావీ దగ్గర్లోనే ఉన్నట్టు. అన్నీ ఒకేసారి మార్చడం, వీలైతే ఇత్తడివి వేయడం మంచిది.

బయట ఎక్కడా తడి లేకుండా నీళ్లు తగ్గుతుంటే ఇంజిన్ లోపల వెతకాలి. డిప్‌స్టిక్ మీద మీగడ లాంటి నురగ కనబడితే నూనెలో నీళ్లు కలిశాయి. ఆయిల్ కూలర్ చిల్లు పడినప్పుడు ఇంజిన్ నడుస్తున్నంతసేపు నూనె పీడనమే ఎక్కువ కాబట్టి నూనె నీళ్లలోకి పోతుంది. ఇంజిన్ ఆగాక నీళ్లు నూనెలోకి రావచ్చు. హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానముంటే రేడియేటర్ పైనున్న గాలిని బ్రోమోథైమాల్ బ్లూ ద్రావణంలోకి లాగుతారు. మండిన వాయువుల్లోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే నీలం రంగు పసుపుగా మారుతుంది. డీజిల్ ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఈ వాయువు తక్కువ, కాబట్టి బండిని లోడుతో నడిపాక చేస్తేనే ఫలితాన్ని నమ్మవచ్చు.

పసుపు అనగానే డ్రైవర్ల మరో చిట్కా గుర్తొస్తుంది. లీకున్న రేడియేటర్‌లో గుప్పెడు పసుపు పొడి పోయడం! అది నిజంగానే పనిచేస్తుంది. పొడి నీటిలో ఉబ్బి సన్నని చిల్లులో ఇరుక్కుంటుంది. కానీ ఏది చిల్లో, ఏది రేడియేటర్ గొట్టమో పొడికి తెలియదు. ఊరు చేరే దాకా సాయపడుతుంది, ఆ తర్వాత దాన్ని కడిగేయాలి.

బ్లాకే పగిలితే వెల్డింగ్ కష్టం. కార్బన్ ఎక్కువున్న పోత ఇనుము వెల్డింగ్ వేడికి పక్కనే మళ్లీ పగులుతుంది. దానికి బదులు పగులు పొడవునా రంధ్రాలు చేసి, మరల ఉన్న లోహపు పిన్నులను ఒకదానిపై ఒకటి ఎక్కేలా బిగించే చల్లటి పద్ధతి ఉంది. హెడ్ గ్యాస్కెట్ మార్చేటప్పుడు హెడ్ వంకర పోయిందేమో స్కేలుతో, ఫీలర్ గేజ్‌తో చూడాలి. బోల్టులను మధ్య నుంచి చివరలకు, దఫదఫాలుగా బిగించాలి.

మరమ్మతు అయ్యాక నీటి దారులు కడిగి, శుద్ధి చేసిన నీటితో కలిపిన కూలెంట్ నింపి, లోపల చిక్కుకున్న గాలిని వదిలేస్తారు. ఒక ట్రిప్పు తిరిగొచ్చిన బండిని రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున్నే మళ్లీ పంపు బిగించి, పావుగంట ముల్లును చూస్తారు.