కామెర్లు కనిపించని తల్లి - కాపాడవలసిన బిడ్డ

“గర్భిణికి కామెర్లు లేవు, ఆకలి బాగుంది, ఇక రక్తపరీక్ష ఎందుకు?” అని మా అజీజ్‌నగర్‌లోనూ, చుట్టుపక్కల మొయినాబాద్ పల్లెలలోనూ పెద్దలు నన్ను తరచు అడుగుతుంటారు. సమాధానం ప్రతి ఇంటివారూ తెలుసుకొనదగినది.

గురుకులంలో నేను నాడి, మూత్రం, మలం, జిహ్వ, శబ్దం, స్పర్శ, నేత్రం, ఆకృతి అను అష్టస్థాన పరీక్షను అభ్యసించాను. నేటికీ ఆచరిస్తున్నాను. అయితే హెపటైటిస్-బి వైరస్ ఏ లక్షణమూ చూపక, తల్లి రక్తంలో ఏళ్ల తరబడి దాగి ఉండగలదు. కళ్లు పచ్చబడవు, మూత్రం రంగు మారదు. దీనిని నాడి పట్టి చెప్పజాలము. హెచ్‌బీఎస్‌ఏజీ అను రక్తపరీక్షే దీని ఉనికిని తెలుపుతుంది. గర్భం నిలిచిన తొలి నెలలలోనే దీనిని, హెచ్‌ఐవీ పరీక్షను చేయించాలి.

ఈ వైరస్ ముఖ్యంగా ప్రసవ సమయంలో తల్లి రక్తం, స్రావాల ద్వారా బిడ్డకు సోకుతుంది. పెద్దలలో చాలామందికి దానంతట అదే నయమవుతుంది. పుట్టుకలో సోకిన శిశువులలో మాత్రం నూటికి సుమారు 90 మందిలో దీర్ఘకాలం నిలిచిపోతుంది. కాలక్రమంలో కాలేయం గట్టిపడటానికి, కేన్సర్‌కు దారి తీయవచ్చు.

నివారణ మన చేతిలో ఉన్నది. ప్రతి శిశువుకూ పుట్టిన 24 గంటలలోగా తొలి టీకా వేయించాలి. తల్లికి వైరస్ ఉన్నచో, 12 గంటలలోగా టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ సూదిమందు కూడా ఇప్పించాలి. తల్లి రక్తంలో వైరస్ అధికంగా ఉంటే చివరి నెలలలో నిపుణులు టెనోఫోవిర్ మాత్రలు ఇస్తారు. ఒకప్పుడు విదేశీ టీకా మిక్కిలి ఖరీదు. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ స్వదేశీ టీకాను విడుదల చేయడంతో ధర దిగివచ్చింది. నేడు ప్రభుత్వ ఆసుపత్రులలో ఇది ఉచితం.

బిడ్డకు సోకినదో లేదో బొడ్డుతాడు రక్తంతో తేల్చరాదు. అందులో తల్లి రక్తం కలిసి ఉండవచ్చు. 6, 10, 14 వారాల టీకాలు పూర్తయి, తొమ్మిది నెలలు నిండిన తరువాత పరీక్షించాలి. ఇందుకోసం తల్లిపాలు మాన్పించనవసరం లేదు.

పాలు, నెయ్యి, పెసరకట్టు గర్భిణికి బలాన్నిస్తాయి, వైరస్‌ను ఆపలేవు. కామెర్లకని పసరు మందులు, నేల ఉసిరి గర్భిణికి ఇవ్వవద్దు. పురుడు వెళ్లాక చూద్దామని టీకాను వాయిదా వేయవద్దు. ఆ తొలి దినమే బిడ్డకు రక్ష.