ఎదుగు వయస్సున కండబలము

పదమూడు మొదలు పందొమ్మిదేండ్ల వరకు గల ప్రాయమున ఎముకలలో కాల్షియము విరివిగా చేరును. వార్ధక్యమున ఎముకలు విరుగకుండ కాపాడు మూలధనము ఇదియే. నడక, పరుగు గుండెకు మేలు చేయును గాని, కండరములకు బరువుతోడి శ్రమయు వలయును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనల ప్రకారము, 5 మొదలు 17 ఏండ్లవారు దినమునకు సగటున 60 నిమిషములు శరీరశ్రమ చేయవలెను. వారమునకు కనీసము 3 దినములు కండరములను, ఎముకలను బలపరచు వ్యాయామము అందుండవలెను.

ఇందులకు వ్యయమేమియు లేదు. మన తాలింఖానాలలో తరతరములుగా వేయుచున్న దండీలు, బస్కీలు చాలును. తాడాట, కబడ్డీ, చెట్టుకొమ్మను పట్టి పైకి లేచుట కూడ మంచివే. దండీలు వేయలేనివారు తొలుత గోడకు చేతులానించి చేయవచ్చును. పదిసార్లు సులువుగా చేయగలిగిన పిమ్మటనే సంఖ్య పెంచవలెను. శ్రమించిన కండరము విశ్రాంతి వేళ బలపడును. కావున దినము విడిచి దినము చేయుట మేలు.

బరువులెత్తిన పిల్లలు పొట్టిగా మిగులుదురని పెద్దలు కొందరు భయపడుదురు. తెలిసినవారి పర్యవేక్షణలో, సరియైన పద్ధతిని చేసినచో ఎదుగుదలకు భంగము కలుగదు. తోడివారితో పంతము పట్టి మోయలేని బరువు నెత్తుటయే అపాయకరము.

“ఆడపిల్లకు బస్కీలెందుకు?” అను మాట నేటికిని పలు ఇండ్ల వినబడుచున్నది. ఎముకలు గుల్లబారు వ్యాధి పురుషులకంటె స్త్రీలలోనే అధికము. కనుక కుమారునితోబాటు కుమార్తెను కూడ తల్లిదండ్రులు ప్రోత్సహింపవలెను.

మొదటి దినములలో కండరములు కొంత సలుపుట సహజము. కీలులో నొప్పిగాని వాపుగాని కన్పించినచో వ్యాయామము నిలిపి, సమీపమున గల ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున వైద్యునికి చూపవలెను.