కొండైన ఇసుక

తిరుమల ఘాట్ రోడ్డులో ఒకచోట రెండు యుగాలు ఒకదానిమీద ఒకటి కూర్చుని ఉంటాయి. కింద 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. దానిమీద పొరలు పొరలుగా 160 కోట్ల ఏళ్ల క్వార్ట్‌జైటు. నడుమ గడిచిన కాలానికి ఆనవాలే లేదు. ఆ పైరాయి ఒకప్పుడు లోతులేని సముద్రం అడుగున పేరుకున్న ఇసుక. అలలు దిద్దిన గీతలు ఇప్పటికీ ఆ బండలమీద కనిపిస్తాయి. కొండమీది శిలాతోరణమూ ఆ రాయే. దాన్ని ఏ శిల్పీ చెక్కలేదు, ఎండా వానా గాలీ తొలిచాయి.

సముద్రంలో పుట్టిన ఆ ఇసుకను మళ్లీ సముద్రానికి చేర్చే పని స్వర్ణముఖిది. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, వంకలను కలుపుకుంటూ, తిరుపతిని ఒరుసుకుని శ్రీకాళహస్తికి చేరుతుంది. అక్కడి కలంకారీ బట్టకు రంగు తేలాలంటే పారే నీళ్లలో ఉతకాలి. అందుకే కలం పట్టినవాళ్లు ఏటిని ఆనుకుని బతికారు. ఏడాదిలో చాలాకాలం ఏరంతా ఇసుకే. ఈశాన్య రుతుపవనాలు గట్టిగా కురిసిన ఏడు మాత్రం నాయుడుపేట దాటి బంగాళాఖాతందాకా ఎర్రగా పొంగి పారుతుంది.

పాత చిత్తూరు జిల్లాకు ఉప్పుగాలి తెలియదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి, నాయుడుపేట, సూళ్లూరుపేట అందులో చేరాక కొండవాళ్లకు కడలి సొంతమైంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు నడిమధ్యన సాగుతుంది. చలికాలంలో ఇరుపక్కలా మోకాలిలోతు నీళ్లు, ఆ నీళ్లలో ఫ్లెమింగోల బారులు. తలకిందులుగా ముక్కు ముంచి, బురదను వడగట్టి, నాచునూ సన్నరొయ్యలనూ ఏరుకుంటాయి. రెక్కల గులాబీ రంగు ఆ తిండి ఇచ్చిందే. పిల్లలు బూడిదరంగులోనే పుడతాయి. దగ్గర్లోని నేలపట్టు చెరువులో, నీళ్లలో నిలిచిన చెట్లమీద గూడబాతులు పిల్లల్ని పెంచుతాయి. అవి రాకపోతే వాన రాదని ఊరివాళ్ల నమ్మకం. వాటి రెట్ట కలిసిన చెరువునీళ్లు పొలాలకు ఎరువు.

పులికాట్‌లో ఇంత జీవం నిలిచేది ఉప్పూ తీపీ సమంగా కలిస్తేనే. కాళంగి వంటి ఏళ్లు మంచినీరు తెస్తాయి, సముద్రపు ముఖద్వారాలు ఉప్పునీరు పంపుతాయి. అలలు తోసుకొచ్చే ఇసుకతో ఆ ద్వారాలు పూడుకుపోతే నీటి రాకపోకలు ఆగుతాయి, చేపలూ రొయ్యలూ తగ్గుతాయి, ఎండాకాలం వచ్చేసరికి సరస్సు ఉప్పుపర్రగా మారుతుంది. రాయదొరువు ముఖద్వారం దగ్గర పూడిక తీయమని జాలర్లు ఏళ్లతరబడి అడుగుతున్నది అందుకే.