మీకు తెలుసా? ‘నాటు నాటు’ వెనకున్న నీలి భవనం

‘ఆర్ఆర్ఆర్’ సినిమాలోని ‘నాటు నాటు’ పాట వస్తే ఎన్టీఆర్, రామ్‌చరణ్ స్టెప్పుల మీదే మన చూపంతా. వెనకున్న లేత నీలి భవనం సంగతి చెబితే మాత్రం చాలామంది ‘నిజమా? సెట్ అనుకున్నామే!’ అంటారు. అది ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మరియిన్‌స్కీ ప్యాలెస్. ఆ దేశాధ్యక్షుడి అధికారిక భవనం! సినిమాలో మాత్రం 1920ల నాటి ఢిల్లీ. అక్కడ చిత్రీకరణ జరిగింది 2021 ఆగస్టులో. ఆరు నెలలు తిరిగాక, 2022 ఫిబ్రవరి 24న, ఆ దేశంపై రష్యా పూర్తిస్థాయి దాడికి దిగింది. ఇది తెలిశాక ఆ పాటను మునుపటిలా చూడలేం.

2023 మార్చిలో కీరవాణి, చంద్రబోస్ ఈ పాటకు ఆస్కార్ అందుకున్నారు. ఉత్తమ ఒరిజినల్ సాంగ్ విభాగంలో భారతీయ చిత్రం గెలవడం అదే మొదలు. అంతకుముందు ఇదే విభాగంలో గెలిచిన ‘జై హో’ పాట ఉన్న ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ బ్రిటిష్ సినిమా.