గుండె కుదుటపడినా దిగులు వీడకపోతే?

గుండెపోటు నుండి బయటపడిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఆయన భార్య నా వద్దకు తీసుకొని వచ్చారు. "నీరసం తగ్గడానికి ఏదైనా లేహ్యం ఇవ్వండి" అని ఆమె కోరారు. విచారించగా ఆయనకు నిద్ర లేదు, ఆకలి లేదు. దినపత్రిక చదవడం మానివేశారు. గుండె మాత్రలు కూడా వేసుకోవడం లేదు. "ఇక ఎందుకండీ?" అన్నారు. అది నీరసం కాదు, దిగులు వ్యాధి. లేహ్యం ఇవ్వక, మానసిక వైద్యుని వద్దకు పంపాను.

మనసుకు హృదయమే ఆశ్రయమని చరక సంహిత చెప్పుచున్నది. గుండెపోటు వచ్చిన ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి ఈ దిగులు కలుగుతుంది. అట్టివారికి తరువాతి ఆరు మాసాలలో ప్రాణాపాయం అధికమని 1993లో మాంట్రియల్ పరిశోధకులు వెల్లడించారు. దిగులు వల్ల రోగి మందులు, నడక మానివేస్తాడు. ఆందోళన వల్ల నాడి వేగం, రక్తపోటు పెరుగుతాయి.

దీనికి మొదటి చికిత్స సలహా సంభాషణలు, గుండెకు హాని చేయని మాత్రలు. వాటికి లొంగని దిగులుకు మెదడు ప్రేరణ చికిత్స ఉన్నది. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథోనీ బార్కర్ బృందం దీనికి దారి చూపింది. 2008లో అమెరికా ప్రభుత్వ సంస్థ దిగులు చికిత్సకు దీనిని అనుమతించింది. తలకు ఆనించిన తీగచుట్ట నుండి వెలువడే అయస్కాంత స్పందనలు, నుదుటి వెనుక గల మెదడు భాగంలో స్వల్ప విద్యుత్తును పుట్టించి, మందగించిన నాడీకణాలను మేల్కొల్పుతాయి. మత్తు ఇవ్వనవసరం లేదు. ఇది "కరెంటు షాకు" కాదు. సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు నుండి ఆరు వారాలు చేస్తారు. కొందరికి తలనొప్పి, బహు అరుదుగా మూర్ఛ రావచ్చును.

అయితే ఇది గుండె జబ్బును నయం చేయదు. పేస్‌మేకరు ఉన్నవారు, తలలో లోహపు ముక్కలు ఉన్నవారు ఆ సంగతి ముందుగా వైద్యునికి తప్పక తెలుపవలెను.

ఇంటివారికి ఒక హెచ్చరిక. రక్తపోటుకు మంచిదని సర్పగంధ చూర్ణాన్ని సొంతంగా ఇవ్వరాదు. అందులోని రిసర్పిన్ దిగులును పెంచగలదు. దిగులు రెండు వారాలకు మించినచో వైద్యునికి చూపించండి. "బ్రతకాలని లేదు" అన్న మాట వినబడితే ఒక్క రోజు కూడా ఆగవద్దు.

ఆ ఉపాధ్యాయునికి మాత్రలు, సంభాషణలతోనే గుణం కనిపించింది. అయస్కాంత చికిత్స అవసరం రాలేదు. ఇప్పుడు గుండె మాత్రలు వేళకు ఆయనే అడిగి వేసుకుంటున్నారు.