సైకిలుపై ఉద్యోగమునకు పోవువారి సంచి

జూబ్లీ హిల్స్ పేరులోనే కొండలున్నవి. చెక్‌పోస్టు నుండి ఫిల్మ్ నగర్ వైపు పోయినను, 2020లో ప్రారంభమైన దుర్గం చెరువు తీగల వంతెన వైపు పోయినను, ఎగుడుదిగుడులు తప్పవు. ఇట్టిచోట సైకిలుపై కార్యాలయమునకు పోవువారు సైకిలు కొరకు నాలుగు అంగళ్లు తిరుగుదురు. సంచి మాత్రము ఇంటనున్నదే చాలుననుకొందురు. కాని ప్రయాణసౌఖ్యమే గాక క్షేమము కూడ సంచిపై ఆధారపడి యున్నదని మేము మనవి చేయుచున్నాము.

ఒక భుజమునకు వ్రేలాడు సంచి ఎక్కుడులో మోకాలికి తగులును; పల్లములో బ్రేకు నొక్కగానే ముందుకు జారి తూకము తప్పించును. హ్యాండిలుకు తగిలించిన సంచి మరింత ప్రమాదకరము. అది ఊగి ముందు చక్రపు చువ్వలలో చిక్కుకొన్నచో మనిషి తలక్రిందులుగా పడును. ఈ రెంటిని విడిచిపెట్టవలెను.

వీపున తగిలించు సంచి కొంత మేలు. రోడ్డు కుదుపులను శరీరమే ఓర్చుకొనును గనుక ల్యాప్‌టాపు వంటి సున్నితమైన వస్తువులకు రక్షణ కలుగును. అయితే వేసవిలో వీపునకు గాలి తగులక చొక్కా తడిసిపోవును. బరువు హెచ్చినచో మెడ, నడుము నొచ్చును. కావున తేలిక సామానునకే అది తగును.

బరువు ఎక్కువైనచో క్యారియరుకు ఇరువైపుల తగిలించు జంట సంచులే శ్రేష్ఠము. ఇది మన కావడి సూత్రమే. పాలవారు సైకిలుకు చెరియొక ప్రక్క క్యాను కట్టుటలోని కిటుకును ఇదే. సామాను ఎక్కడనున్నను చడావు ఎక్కుటకు పడవలసిన శ్రమ తగ్గదు. కాని వీపునకు విశ్రాంతి కలుగును, బరువు క్రిందుగా నుండుటచే తూలుట తగ్గును. సంచి చక్రము వైపు వంగకుండ లోపల గట్టి పలక ఉండవలెను. పెడలు త్రొక్కునపుడు మడమ తగులకుండ సంచిని కొంచెము వెనుకకు జరుపవలెను. కుదుపులు నేరుగా తగులును గనుక ల్యాప్‌టాపునకు మెత్తని ఒర అవసరము.

జూన్ నుండి సెప్టెంబరు వరకు వానకాలము. బట్ట నీటిని ఆపినను కుట్లగుండ, జిప్పుగుండ నీరు దిగును. నోరు మూడు చుట్లు మడిచి బిగించు సంచి నమ్మదగినది. కొన్న వెంటనే లోపల పాత వార్తాపత్రిక నుంచి, పైన రెండు చెంబుల నీరు పోసి చూడుడు; కాగితము తడిసినదీ లేనిదీ తెలిసిపోవును. వెనుక భాగమున రేడియం పట్టీ ఉన్నచో రాత్రివేళ వాహనముల దీపకాంతికి మెరసి హెచ్చరించును. టిఫిను డబ్బాను కాగితములకు దూరముగా, నిలువుగా నుంచవలెను.

కొనబోవునపుడు ప్రతిదినము మోయు సామానునంతయు అంగడికి తీసుకొనిపోయి సంచిలో సర్ది చూడుడు. వీలైనచో దగ్గరలోని చడావొకటి ఎక్కి దిగుడు. రంగును, వెలను చూచుట ఆ తరువాతి మాట.