మీకు తెలుసా? పచ్చిమాంసం ముద్ద, సూరత్ ఖావ్‌సా

• ఆర్మేనియన్ల ఇళ్ళలో ‘చీ కుఫ్తా’ వండరు, పిసుకుతారు. కొవ్వూ నరాలూ తీసేసిన పచ్చి గొడ్డుమాంసాన్నో గొర్రెమాంసాన్నో మెత్తగా నూరి, సన్న గోధుమ రవ్వ, ఉల్లిపాయ, మిరప ముద్ద కలుపుతారు. చేతి వేడి తగలకుండా మధ్యమధ్యలో మంచునీళ్ళు చిలకరిస్తారు. పిడికిట్లో నొక్కితే వేళ్ళ అచ్చులు పడ్డ ముద్దలవుతాయి. పైన ఉల్లికాడలు చల్లి అలాగే తినేస్తారు. 1915 నాటి ఆర్మేనియన్ల మారణకాండ తరవాత చెల్లాచెదురైన కుటుంబాలతో ఇది అమెరికాకూ వెళ్ళింది.

• సూరత్‌లోనూ ఒకప్పుడు ఆర్మేనియన్ వర్తకులు ఉండేవారు. కతార్‌గామ్‌లో డచ్చివారి సమాధుల దగ్గరే వాళ్ళ శ్మశానమూ ఉంది. దాన్ని చూసి పచ్చిమాంసం కథ అల్లేయకండి! మన దేశానికొచ్చిన ఆర్మేనియన్ వర్తకుల్లో ఎక్కువమంది ఇరాన్‌లోని న్యూ జుల్ఫా వాళ్ళు. చీ కుఫ్తాకు పేరు టర్కీలోని ఆంతెప్, ఉర్ఫా వైపు.

• టర్కీ వీధి దుకాణాల్లో ఇప్పుడమ్మే చీ కుఫ్తాలో మాంసమే ఉండదు, రవ్వే.

• పచ్చిమాంసం తినేది ఆర్మేనియన్లొక్కరే కాదు: అమెరికాలోని విస్కాన్సిన్‌లో జర్మన్ వలసదారుల వంశాల వాళ్ళు క్రిస్మస్‌కి రై రొట్టె మీద పచ్చి గొడ్డుమాంసం, ఉల్లి చక్రాలు పెట్టుకుని తింటారు. 2012 పండగ రోజుల్లో అలా తిని 17 మంది ఈ-కోలై బారిన పడ్డారు. వద్దు మొర్రో అని ఆరోగ్య శాఖ ఏటా మొత్తుకుంటూనే ఉంటుంది.

• గుజరాత్‌లో ఆవుమాంసం ప్రశ్నే లేదు. 1954 నాటి జంతు సంరక్షణ చట్టానికి 2017లో చేసిన సవరణతో గోవధకు యావజ్జీవ శిక్ష దాకా పడొచ్చు.

• మరి సూరత్‌లో వలస రుచి ఏది? ఖావ్‌సా. రెండో ప్రపంచయుద్ధ కాలంలోనూ, 1960ల్లో నే విన్ ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసినప్పుడూ బర్మా వదిలిన గుజరాతీ కుటుంబాలు తెచ్చుకున్న కొబ్బరిపాల నూడుల్స్ ఇది. అక్కడ కోడికూరతో తినేదాన్ని ఇక్కడ శనగపిండి పులుసుతో శాకాహారంగానూ చేసి, కరకరలాడేవేవో పైన పోసి బండి మీద అమ్ముతున్నారు. మన విశాఖ కంచరపాలెంలో ‘బర్మా క్యాంపు’ వెలిసిందీ ఆ తిరుగు వలసలతోనే.

• సూరత్ మరమగ్గాల మీద బతికే తెలంగాణ పద్మశాలీలు వేలల్లో ఉన్నారు. నగరపాలిక తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. అటు వెళ్తే చీరలతో సరిపెట్టుకోకుండా ఒక గిన్నె ఖావ్‌సా తిని రండి.